ఆశాభంగము, నిరీక్షణ

ప్రతి సంవత్సరమును పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన మఱునాడు విద్యార్థుల యిండ్లకు పోయి పలుకరించుట మాకు వాడుక. ఉత్తీర్ణులైనవారి యింటికి పోవుట సులభము. అచ్చట మిఠాయి పెట్టుదురు, బిడ్డను ప్రక్కను నిలువబెట్టి ఫోటో తీయుదురు, స్తుతిప్రార్థన చేయుమందురు. తప్పినవారి యింటికి పోవుట అట్టిది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి యింటికి పోయినప్పుడు జరిగిన సంగతి మా మనస్సునుండి నేటికిని తొలగలేదు. దానిని చెప్పి, దానివలన మాకు కలిగిన అభిప్రాయమును మా విద్యార్థుల యెదుటను, వారి తల్లిదండ్రుల యెదుటను, తోడి ఉపాధ్యాయుల యెదుటను ఉంచగోరుచున్నాము.

ఆ బాలుడు తక్కిన విషయములన్నిటిలో ఉత్తీర్ణుడయ్యెను. గణితములో మాత్రము నూటికి 35 మార్కులు రావలసియుండగా 31 వచ్చినవి. పాలిటెక్నిక్‌లో చేరవలెనని వాని కోరిక. తండ్రి తాపీపనివాడు. తాను ఇటుకలు పేర్చి కట్టిన గోడలవంటివానికి తన కుమారుడు పటములు గీయవలెనని ఆయన ఆశ. నాలుగు మార్కుల కొఱతచేత ఆ యింటిలో రెండు ఆశలు ఒక్కసారిగా కూలిపోయెను. మేము పోవునప్పటికి బాలుడు లోపలిగదిలో గోడవైపు తిరిగి పండుకొనియుండెను. తండ్రి పనికి పోలేదు. వాకిట కూర్చుండి నేలవైపు చూచుచుండెను. మేము గుమ్మములో నిలువబడియే, మాకు అలవాటైన మాటలు చెప్పితిమి: “దిగులుపడకుడు. అంతయు మన మేలునకే జరుగును. దేవుడు ఇంతకంటె మంచి త్రోవ చూపును.”

తల్లి మా మాట శ్రద్ధగా విని యిట్లనెను: “మంచిమాటే చెప్పారు మాస్టరుగారూ. కాని బిడ్డ నిన్న మధ్యాహ్నం నుంచి ముద్ద ముట్టలేదండి. మీరు లోపలికొచ్చి వాడి దగ్గర కాసేపు కూర్చోండి.”

మేము లోపలికి పోయి కూర్చుంటిమి. చాలసేపటివఱకు ఎవరును మాటాడలేదు. పిదప ఆ బాలుడు మావైపు తిరుగకయే, “రోజూ ప్రార్థన చేసుకున్నానండి” అనెను. అంతకుమించి ఒక్కమాటయు అనలేదు. ఆ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. గుమ్మములో అంత ధారాళముగా పలికిన మా నోరు, గదిలో మూతపడెను.

ఇంటికి తిరిగివచ్చుచు మమ్మును మేము ఒక ప్రశ్న వేసికొంటిమి. మేము చెప్పిన ఆదరణ ఎవరికొఱకు? ఆ బాలుని దుఃఖము తీర్చుటకా, లేక దుఃఖముగల యింటినుండి త్వరగా బయటపడుటకు మాకొక వాకిలి దొరకుటకా? నిజము చెప్పవలెనన్న రెండవదే యని మా మనస్సాక్షి సాక్ష్యమిచ్చెను. ఆదరించుచున్నామనుకొని మనము అనేకసార్లు దుఃఖితుని నోరు మూయుచున్నాము. ఆశాభంగమును భక్తివాక్యములతో కప్పుట క్రైస్తవ ధర్మము కాదు. దానిని దేవునియెదుట ఉన్నదున్నట్లు చెప్పనిచ్చి, చెప్పువానితోకూడ కూర్చుండుటయే క్రైస్తవ ధర్మము. ఇదియే ఈ వ్యాసమున మేము చెప్పదలచిన మాట.

మన సంఘములలోను, పాఠశాలలలోను ఇట్టి సమయమున సాధారణముగా వినబడు మాటలు మూడు కలవు. మొదటిది, మేము గుమ్మములో చెప్పినదే: అంతయు మేలునకే. దేవుడు కీడునుండి సహితము మేలు పుట్టింపగలడని మేమును నమ్ముచున్నాము. కాని ఆ సత్యము, దుఃఖపు లోయ దాటినవాడు వెనుకకు తిరిగి చూచి తనంతట తాను పలుకదగినది. లోయలో పడియున్నవానిపైకి ఒడ్డుననున్నవాడు విసరదగినది కాదు. గాయము కడుగకమునుపే కట్టుకట్టినచో లోపల చీము పట్టును గదా.

రెండవది, నీ ప్రార్థనలో విశ్వాసము చాలలేదనుట. ఇది మొదటిదానికంటె క్రూరమైనది. పరీక్ష తప్పిన పసివాని భుజముపై, దేవుడుకూడ నిన్ను త్రోసివేసెనను రెండవ బరువును ఇది మోపుచున్నది. విశ్వాసమునకు కొలత మార్కులైనచో, ప్రార్థన యన్నది యెఱుగకయే మొదటి తరగతిలో ఉత్తీర్ణులైనవారి సంగతి యేమి? గెత్సేమనే తోటలో మన ప్రభువు తన యెదుటనున్న గిన్నె తొలగిపోవలెనని ముమ్మాఱు ప్రార్థించెను. అది తొలగలేదు. ఆయన విశ్వాసము కొఱతపడెనని చెప్పుటకు ఎవనికి నోరు వచ్చును? తండ్రి చిత్తమునకు తన్ను అప్పగించుకొనుటకు ముందు ఆయన తన కోరికను దాచిపెట్టలేదు, చెమటయోడ్చి చెప్పుకొనెను. చెప్పుకొనిన తరువాతనే అప్పగించుకొనెను. ఈ వరుసను మనము తలక్రిందులు చేయరాదు.

మూడవది, అంతయు దేవుని చిత్తమని సరిపెట్టుకొనుట. ఈ మాట భక్తివలె కనబడును గాని, అనేకసార్లు ఇది నుదుటివ్రాత యను పాతమాటకు తొడిగిన క్రొత్త అంగీయే. బీజగణితమును అభ్యసింపకపోవుట దేవుని చిత్తమా? ఆ బాలుడు గణితములో వెనుకబడియున్నాడని అర్ధసంవత్సర పరీక్షనాడే మాకు తెలియును. తెలిసియు, తరగతిలో పాఠము ముగింపవలెనను తొందరలో, వానిని వెనుకబల్లమీదనే విడిచిపెట్టితిమి. అది దేవుని చిత్తము కాదు, మా ఉపేక్ష. దేవునిమీదికి నెట్టివేసిన తప్పును మనుష్యుడు ఎన్నటికిని దిద్దుకొనజాలడు. కావున ఆశాభంగము కలిగినప్పుడు దానిలో మన తప్పెంత, ఇతరుల తప్పెంత, ఎవరి తప్పును కానిదెంత యని నెమ్మదిగా వేఱుచేసి చూచుట అవిశ్వాసము కాదు. అది సత్యమును ప్రేమించుట.

అట్లయిన పరిశుద్ధగ్రంథము దుఃఖితుని ఎట్లు ఆదరించుచున్నది? ప్రభువు పునరుత్థానుడైన దినమున యెరూషలేమునుండి ఎమ్మాయు గ్రామమునకు ఇద్దఱు శిష్యులు నడచిపోవుచుండిరి. ఇశ్రాయేలును విమోచించువాడు ఈయనయేయని తాము ఎదురుచూచిన ఆశ సిలువమీద చచ్చెనని వారి వేదన. ప్రభువు వారితో కలిసి నడచెను. జరిగినదంతయు ఆయనకంటె బాగుగా ఎఱిగినవాడెవడు? అయినను మీరు మాటాడుకొనుచున్న సంగతులేమని ఆయన అడిగెను. వారు మొదటినుండి చివఱవఱకు చెప్పువఱకు వినెను. గద్దింపును బోధయు ఆ తరువాతనే వచ్చినవి. చివఱకు ఆయన వారితో భోజనమునకు కూర్చుండి రొట్టె విఱిచినప్పుడు వారి కన్నులు తెఱవబడెను. అడుగుట, వినుట, కూడ నడచుట, బోధించుట, కలిసి భుజించుట: ఇది ప్రభువు చూపిన వరుస. మేము ఆ యింటి గుమ్మములో మొదటి మూడింటిని విడిచి నాలుగవదానితో ఆరంభించితిమి. అయిదవదానిని ఆ తల్లి మాకు జ్ఞాపకము చేసెను.

ఏలీయా ప్రవక్త అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలును, నా ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనిన సంగతి మీరు చదివియున్నారు. అంతటి ప్రవక్త అట్టి మాట యనినందుకు దూత ఆయనను గద్దింపలేదు. నిద్రింపనిచ్చెను, లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను, మరల నిద్రింపనిచ్చి మరల తినిపించెను. ఈ ప్రయాణము నీ శక్తికి మించినదని ఆయన అలసటను ఒప్పుకొనెను. దేవుని స్వరము ఆ ప్రవక్తకు వినబడినది నలువది దినములైన తరువాత హోరేబులో. ముద్ద ముట్టని బిడ్డకు మొదట కావలసినది ప్రసంగము కాదని దేవుని దూతకును తెలియును, ఆ తల్లికిని తెలియును, తెలియనిది మాకే.

కీర్తనల గ్రంథమును చూడుడు. అందులో స్తుతికీర్తనలున్నట్లే, ఎందాక ప్రభువా యని మొఱపెట్టు కీర్తనలును అనేకములు కలవు. 88వ కీర్తన చీకటిని గూర్చిన మాటతోనే ముగియుచున్నది. దాని చివఱ వెలుగు లేదు. అయినను అది ప్రార్థనగానే గ్రంథములో చేర్చబడినది. విలాపవాక్యములని ఒక గ్రంథమునకే పేరు కలదు. మొఱపెట్టువాడు దేవుని విడిచినవాడు కాడు, దేవునితో మాటాడుచున్నవాడు. దేవుని విడిచినవాడు మొఱపెట్టుటయే మానివేయును.

ఇచ్చట మన భాషలోని ఒక మాటను గమనింపవలెను. లోకవ్యవహారమున మనము ‘ఆశ’ యని చెప్పుచోట తెలుగు బైబిలు తఱచుగా ‘నిరీక్షణ’ యనుచున్నది. ఈ రెండును ఒకటి కావు. ఆశ ఒక వస్తువును పట్టుకొనును: మార్కులు, ఉద్యోగము, సంబంధము, ఆరోగ్యము. ఆ వస్తువు చేజాఱిన ఆశ విఱుగును. అందుచేతనే దానిని ఆశాభంగమందుము. నిరీక్షణ యనగా ఎదురుచూచుట. వాకిట నిలిచి దారివైపు చూచువానికి, వచ్చువాడు ఏమి తెచ్చునో తెలియకపోవచ్చును. ఎవడు వచ్చునో తెలియును. ఆశకు వస్తువు ఆధారము. నిరీక్షణకు వ్యక్తి ఆధారము. ఆశపడుట తప్పని మేము చెప్పము. ఆశ లేనివాడు పుస్తకమైనను తెఱవడు, పొలమైనను దున్నడు. అయితే ఆశ విఱిగిననాడు నిలువబెట్టునది మఱియొకటి లోపల ఉండవలెను. అది నిరీక్షణ.

తెలుగుదేశపు క్రైస్తవ చరిత్రలో దీనికి రెండు దృష్టాంతములు కలవు. మొదటిది మన ప్రసంగములలో తఱచుగా వినబడునదే. అమెరికా బాప్తిస్టు మిషనరీయైన సామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. ఆరోగ్యము చెడి 1853లో ఆయన ఈ దేశమును విడిచిపోవునప్పటికి సంఘములో చేరినవారు బహు కొలదిమంది. ఆ యేడే అమెరికాలో ఆల్బనీ నగరమున కూడిన సభలో, ఫలములేని ఈ మిషనును మూసివేయుదమా యను చర్చ జరిగెను. ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు దీనికి వచ్చినది అప్పుడే. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అను అయిదుగురు ఒంగోలు కొండయెక్కి ప్రార్థించిరి. అచ్చట నివసించుటకు జాన్ క్లౌ వచ్చినది పండ్రెండేండ్లకు, 1866లో. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడెను. 1876-78 నాటి ఘోరమైన కఱవు పిమ్మట, 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

బోధకులు ఈ కథను ఇచ్చట ముగించి, చూచితిరా, ఆశాభంగము ఎట్లు ఆనందమైనదో యని చెప్పుదురు. సంతోషమే. కాని 1853లో ఓడయెక్కిన డే దొరకు 1878 సంగతి తెలియదు. ఆయన 1871లోనే మరణించెను. గుండ్లకమ్మ ఒడ్డున ఆ దినము నిలిచినవారిలో ఆయన లేడు. కావున ఆ 2,222 మంది ఆయన దుఃఖమునకు చెల్లింపబడిన వెల కారు. ఫలమును చూడక, మూసివేయుదమను మాటలు వినుచు, ఆయనవంటివారు నిలిచిరే, అది మనకు ముఖ్యము.

రెండవ దృష్టాంతము ప్రసంగములలో అంతగా వినబడదు. ఏలయన దానికి సంతోషకరమైన ముగింపు లేదు. 18వ శతాబ్ది పూర్వభాగమున మద్రాసులో పనిచేసిన జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి, బైబిలును తెలుగులోనికి అనువదించెను. స్వదేశమునకు తిరిగిపోయిన పిమ్మట హాలే నగరమున కొన్ని చిన్న తెలుగు పుస్తకములను అచ్చువేయించెను; తెలుగులో తొలి అచ్చుపుస్తకములు అవియే యందురు. కాని ఆయన బైబిలు అనువాదము మాత్రము అచ్చునకు రాలేదు. అనేక సంవత్సరముల శ్రమ వ్రాతప్రతిగానే మిగిలిపోయెను. తరువాత 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అనువారు మరల ఆ పనికి పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను మరణించిరి. డెగ్రాంజి అనువదించిన సువార్తలు సేరంపూరులో అచ్చుపడినది 1812లో. తన చేతివ్రాత అచ్చు అక్షరములగుటను ఆయన చూడలేదు. తెలుగు క్రొత్తనిబంధనము పూర్తిగా వెలువడినది 1818లో, ప్రిచెట్ అను మఱియొకరి చేతిమీదుగా.

డే దొర పని ఫలించెను. షుల్జ్ గ్రంథము పెట్టెలోనే యుండిపోయెను. వీరిలో ఒకనిని దేవుడు ప్రేమించెననియు మఱియొకనిని విడిచెననియు చెప్పుదుమా? చెప్పము. కావున విఱిగిన ప్రతి ఆశకును ఒక 1878 కలదని పిల్లలకు మాట యియ్యరాదు. ఇచ్చిన మాట నెఱవేఱనినాడు వారు మనలను మాత్రమే కాక, మనము ఎవరి పేరట మాట యిచ్చితిమో ఆయననుకూడ నమ్మకపోవుదురు. మనము నిశ్చయముగా చెప్పదగినది ఒక్కటే: ఫలము కనబడినను కనబడకున్నను, ఆయన ఆ దారిలో మనతోకూడ నడచును.

ఇది మాటల విషయము మాత్రమే కాదు, ప్రాణముల విషయము. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసినవి. అట్టి వార్తలు ఇతర సంవత్సరములలోను రాకపోలేదు. ఆ పిల్లలలో ఎందఱు తమ దుఃఖమును నోరు తెఱచి చెప్పుటకు ఒక్క మనుష్యుడైనను లేక చీకటిలో కూర్చుండిరో! కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. ఫలితము వచ్చిన దినమున బిడ్డను పొరుగువారి బిడ్డతో పోల్చకుడు. ఖర్చుపెట్టిన ఫీజును ఆనాడు లెక్కింపకుడు. వానిని ఒంటరిగా విడువకుడు. అన్నము పెట్టుడు, నిద్రింపనీయుడు, చెప్పినది వినుడు. లెక్కలు చూచుటకు ఆ తరువాత చాల దినములు కలవు. తప్పినవారికి రెండు రాష్ట్రములలోను ఆ యేడే సప్లిమెంటరీ పరీక్ష కలదు. తప్పినది ఒక పరీక్షయే గాని, బిడ్డ కాదు.

తోడి ఉపాధ్యాయులకు మా మనవి యేమనగా, ఉత్తీర్ణుల పటములను గోడకు అంటించు దినముననే, తప్పినవారి యిండ్లకు పోవుదము. గుమ్మములో నిలువక లోపల కూర్చుందము. మన ఉపేక్ష ఏమైన ఉన్నయెడల బిడ్డయెదుటనే ఒప్పుకొందము. పెద్దలు తమ తప్పును ఒప్పుకొనగా చూచిన పిల్లవాడు తన తప్పును ఒప్పుకొనుటకు భయపడడు.

ప్రియ విద్యార్థులారా, మీతో చివఱిమాట. మీ ఆశ విఱిగిననాడు ఏడ్చుటకు సిగ్గుపడకుడు. మీకు దేవునిమీద కోపము వచ్చినయెడల ఆ కోపమును ఆయనకే చెప్పుడు. కీర్తనకారులు చెప్పిరి, ఆయన వినెను. ప్రార్థన రాకపోయిన మౌనముగా కూర్చుండుడు. అదియు ఆయనకు తెలియును. కాని ఒంటరిగా ఉండకుడు. తల్లికి, తండ్రికి, స్నేహితునికి, పాస్టరుగారికి, మాకు, ఎవరికైన ఒక్కరికి చెప్పుడు. ఇంటివారితో చెప్పలేనియెడల కేంద్రప్రభుత్వము 2022లో నెలకొల్పిన ‘టెలీ మానస్’ వారికి 14416 అను సంఖ్యకు ఫోను చేసిన, తెలుగులోనే మాటాడి వినుదురు. అట్లు చెప్పుకొనుట విశ్వాసహీనత కాదు. ఏలీయాకు దూత వచ్చినట్లే, మనకు మనుష్యులు వత్తురు.

ఆ బాలుడు ఏమాయెనని మీరు అడుగవచ్చును. ఆనాటి సాయంకాలము వాని తల్లి మా యిద్దఱికిని కలిపి అన్నము పెట్టెను. నాలుగు ముద్దలు తిన్న పిమ్మట వాడు, “రేపు లెక్కలు చెబుతారా అండి?” అనెను. అర్ధసంవత్సర పరీక్ష తరువాత మేము చేయవలసియుండిన పనిని మఱునాటినుండి ఆరంభించితిమి. వాడు సప్లిమెంటరీ పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. కోరిన పాలిటెక్నిక్‌లో మాత్రము స్థానము దొరకలేదు, ఐ.టి.ఐ.లో చేరి విద్యుత్తుపని నేర్చి, ఇప్పుడు ఆ పనియే చేయుచున్నాడు. ఇది వాడు కోరినదానికంటె మేలైనదని మేము వానితో ఎన్నడును అనలేదు. వాడును అనడు. పాలిటెక్నిక్ గేటు ముందుగా పోవునప్పుడు ఇప్పటికిని ఒకసారి లోపలికి చూతునని మొన్న మాతో చెప్పెను. అట్లు చెప్పిన ఆ ఆదివారమే వాడు ఆరాధనకు ముందు నిచ్చెనయెక్కి మందిరములో ఆగిపోయిన పంకాను బాగుచేసి, క్రిందికి దిగి, చేతులు కడుగుకొని, మాప్రక్కన వచ్చి కూర్చుండెను.